దమ్ము పెట్టిన మామిడిపండు

ఆ శనివారం పొద్దున సుకన్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బంగినపల్లి పళ్లు ముక్కలు కోయాలి, పైన పిండి పరచాలి, మూత పెట్టాలి, సాయంత్రం దాకా దాని జోలికి పోకూడదు. మొదటి మూడు పనులూ ఆమె చేతిలోనే ఉన్నాయి. నాలుగోది మాత్రం ఇంటిల్లిపాది చేతిలో ఉంది.

నరసరావుపేటలో వాళ్లు అద్దెకుండే మేడ కింద ఒక షట్టర్ గది ఖాళీగా ఉంది. అందులో పురుగుమందుల కొట్టు నడిచేది. కొట్టు ఎత్తేసి రెండేళ్లైనా ఆ వాసన మాత్రం ఖాళీ చేయలేదు. ఇంట్లోనే కేకులు చేసి ఫోన్ మీద వచ్చిన ఆర్డర్లకు పంపుతున్న సుకన్యకు ఎప్పటినుంచో ఆ గది మీద కన్ను. ఇంటి ఓనరు బ్రహ్మానందం జీవితమంతా పత్తి వ్యాపారం చేసినవాడు, శాంపిల్ చూడకుండా ఏదీ ఒప్పుకోడు.

"సెల్‌ఫోన్ల కొట్టు పెడతానని ఇంకొకాయన కూడా తిరుగుతున్నాడమ్మాయ్," అన్నాడాయన. "నువ్వు అమ్మేదేందో శనివారం సాయంత్రం ఆరింటికి నాకు రుచి చూపించు. నా నాలిక ఏం చెబితే అదే. ఆ కరెంటు పొయ్యి మాత్రం వెలిగించమాక. నువ్వు కేకు పెట్టినప్పుడల్లా పైన మా ఏసీ చచ్చిపోతాంది."

అందుకే సుకన్య స్లో కుక్కర్ కొన్నది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బరువైన పింగాణీ గిన్నె, దాని చుట్టూ రేకు తొడుగు, పైన గాజు మూత. కరెంటు పెద్దగా తాగదు. సలసలా మరగదు, చిటపటలాడదు. రోజంతా ఒకటే సెగ మీద నిదానంగా ఉడికిస్తుంది. అందులో ఆమె చేయబోయేది మామిడి కాబ్లర్. అడుగున పంచదార, దాల్చిన చెక్క, యాలకులు కలిపిన పండు ముక్కలు. పైన నెయ్యి, పాలు కలిపిన మెత్తటి పిండి. ముక్కలు కింద రసంలా కరుగుతుంటే, పైన పిండి పొంగి కేకులా తయారవుతుంది. మూతకు పట్టిన చెమట పిండి మీద కారకుండా, మూత కింద పల్చటి గుడ్డ ఒకటి పరిచింది సుకన్య. ఇలాంటి విషయాల్లో ఆమె మహా పట్టుదల మనిషి.

అత్తగారు సీతారావమ్మ వచ్చి యంత్రాన్ని నాలుగు వైపులా చూసింది.

"ఏంది ఇది? ఉడకటానికి సప్పుడన్నా లేదు?"

"ఇది అంతే అత్తయ్యా. సన్నటి సెగ మీద రోజంతా ఉంటుంది."

సీతారావమ్మ ముఖం వెలిగిపోయింది. "ఓసి, ఇది మన దాలే గదటే! పిడకల సెగ మీద పొద్దున పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా, చేతి మందాన మీగడతో కాగేయి. దానికే వైరు తగిలించి అమ్ముతున్నారన్న మాట."

సుకన్య మనసు తేలికపడింది. దాలి సంగతి తెలిసిన మనిషికి ఓపిక కూడా ఉంటుందనుకున్నది. కానీ దాలి ముందు కూర్చున్నవాళ్లు మీగడ ఎంత కట్టిందోనని గంటకోసారి మూత తీసి చూస్తారన్న సంగతి ఆమెకు తెలియదు. స్నానం చేసి వచ్చేసరికి మూత వంకరగా ఉంది. బట్టలు ఆరేసి వచ్చేసరికి గుడ్డ మడతపడి ఉంది. కొత్తిమీర బేరమాడి వచ్చేసరికి అత్తగారి చేతిలో చెంచా ఉంది.

"మూత తియ్యొద్దన్నాను గదా అత్తయ్యా! సెగంతా పోతుంది."

"తియ్యలా. కొంచెం పక్కకి జరిపా. జరపటం తియ్యటం ఎట్టా అయిద్ది?"

తన భర్తకు ప్లీడరుగిరీ ఎవరి వైపు నుంచి వచ్చిందో సుకన్యకు ఆ క్షణాన అర్థమైంది.

సరిగ్గా అప్పుడే పక్కింటి హజ్రా బీ గిన్నె తిరిగిచ్చి పోదామని వచ్చింది. సంగతి విని నవ్వింది.

"దీనికింత గొడవెందుకు సుకన్యమ్మా? కాస్త గోధుమపిండి తడిపి తే. మేం దమ్ముకి పెట్టినట్టు మూత చుట్టూ పెట్టేస్తా. సెగ బయటికి పోదు, చెయ్యి లోపలికి పోదు."

"మూత మీద ఆవిరి పోయే చిన్న కన్నం ఉంది పిన్నీ. దాన్ని మాత్రం వదిలెయ్యి," అన్నది సుకన్య.

నిమిషాల్లో గాజు మూత చుట్టూ పిండి తాడు బిగుసుకుంది. హజ్రా బీ వేళ్లతో దాన్ని నొక్కుతూ సీతారావమ్మ వైపు చూసింది. "ఇక తియ్యాలంటే చాకు కావాలి వదినా. చాకు పట్టుకుంటే అందరికీ తెలిసిపోద్ది."

"నేనెందుకు పట్టుకుంటా?" అంటూ సీతారావమ్మ కళ్లు చాకుల డబ్బా మీది నుంచి తిప్పుకున్నది.

పది దాటగానే కరెంటు పోయింది. లైన్ల మరమ్మతు, సాయంత్రం దాకా రాదన్నారు. ఇన్వర్టర్ బ్యాటరీ మారుస్తానని సుకన్య భర్త వెంకటకృష్ణ ఉగాది నుంచీ అంటూనే ఉన్నాడు. సగం ఉడికిన పిండి ఎలా ఉంటుందో తెలిసిన సుకన్య నడుం విరిగినట్టు కుర్చీలో కూర్చున్నది. షట్టర్ గదిలో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్న దృశ్యం ఆమె కళ్ల ముందు కదిలింది.

వెంకటకృష్ణ జూనియర్ ప్లీడరు. కోర్టుకు వేసవి సెలవులు కావడంతో, పది రోజులుగా ఇంట్లో ఎవరికి ఏ సాయం చేద్దామా అని చూస్తున్నాడు.

"దీనికా ఇంత దిగులు? కోర్టు ఎదురుగా మన జాషువా జిరాక్స్ షాపుంది గదా. అది వేరే లైను. అక్కడ పెట్టి, ఉడికినాక తెస్తా."

వేరే దారి లేదు. సుకన్య గిన్నెను తువ్వాలుతో చుట్టి ఇచ్చింది. "ఒక్క మాట. ఇందులో ఏముందో ఎవరడిగినా చెప్పమాకండి. ఓనరు బాబాయిగారి నాలిక మీద పడేదాకా నలుగురి నోళ్లలో పడకూడదు. కుదరకపోతే నవ్వులపాలవుతాం."

"నేను ప్లీడర్నే. నా నోట్లోంచి ఎవరు తీస్తారు?" అన్నాడు వెంకటకృష్ణ.

హజ్రా బీ భర్త మౌలాలీ ఆటోలో, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు గిన్నెను ఒళ్లో పెట్టుకుని అతను కోర్టు వీధికి చేరాడు. జాషువా జిరాక్స్ మెషిన్ పక్కన చోటు చేసి, ప్లగ్గు పెట్టాడు. సెలవుల్లో ఏం తోచని ప్లీడర్లంతా ఆ షాపులో ఫ్యాను కిందే పొద్దుపుచ్చుతారు. వాళ్లలో పెద్దాయన అమర్నాథ్. క్రిమినల్ కేసుల్లో ఆయన క్రాస్ ఎగ్జామినేషన్ అంటే సాక్షులకు జ్వరం వస్తుంది.

కాసేపటికి గిన్నె వేడెక్కింది. మూత కన్నంలోంచి సన్నటి ఆవిరి లేచింది. దాల్చిన చెక్క, యాలకులు, నెయ్యి. అమర్నాథ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"మూతకి పిండితో దమ్ము పెట్టారు," అన్నాడు, గిన్నె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి. "లోపల గుడ్డ పరిచారు. చెక్క, యాలకులు, నెయ్యి. మౌలాలీ ఆటోలో వచ్చింది. ఇది బిర్యానీ."

"శనివారం పూట వీళ్లింట్లో బిర్యానీ ఏంది సార్?" అన్నాడు జాషువా.

"అదే నా పాయింటు. శనివారమని కూడా చూడలేదంటే ఆగలేనంత సంతోషం ఏందో ఉండాలి." అమర్నాథ్ గొంతు తగ్గించాడు. "ఏజీపీ లిస్టు రావాల్సింది గదా."

షాపులో అందరి తలలూ వెంకటకృష్ణ వైపు తిరిగాయి. ఏజీపీ అంటే ప్రభుత్వం తరఫున వాదించే ప్లీడరు. ఆ పోస్టు ఎవరికొస్తుందా అని నెలరోజులుగా ఊళ్లో నల్లకోటు వేసుకున్న ప్రతివాడూ ఎదురుచూస్తున్నాడు.

"ఏం కృష్ణా, నిజమేనా? లోపలున్నదేందో చెప్పు."

"చెప్పకూడదండీ," అన్నాడు వెంకటకృష్ణ, భార్యకిచ్చిన మాట తలుచుకుని.

"మీ ఆవిడకి తెలుసా?"

"చెప్పొద్దన్నది ఆవిడేనండీ."

"మరి మాకెప్పుడు తెలిసిద్ది?"

"ఆరింటికి తేలిపోద్దండీ. మా ఇంట్లో."

అంతకంటే చక్కటి పిలుపు ఇంకొకటి ఉండదు. జాషువా లేచి వచ్చి కావలించుకున్నాడు. "ఒరేయ్, నా దగ్గర కూడా దాచావు గదరా!" వెంకటకృష్ణకు ఏమీ అర్థం కాలేదు గానీ, తనకోసం ఎవరైనా ఇంత సంతోషపడి చాలాకాలమైంది కాబట్టి చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వుతో కేసు రుజువైపోయింది.

నాలుగింటికి గిన్నెతో అతను ఇల్లు చేరేసరికి వార్త అతనికంటే ముందే చేరింది. రెంటచింతల నుంచి చెల్లెలు ఫోన్ చేసి చెబితే విన్న సీతారావమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"పోస్టొచ్చిందని కన్నతల్లికి చెప్పకుండా ఊరందరికీ చెబుతావంట్రా?"

"ఏం చెప్పానమ్మా? ఏం రాలేదే నాకు!"

"ఇదిగో, మళ్లీ దాపరికం!" అంటూ ఆమె దిష్టి తీయడానికి ఉప్పు కోసం లోపలికి వెళ్లింది. అప్పటికే వీధి మొత్తానికీ చెప్పి వచ్చింది.

ఆరు కాకముందే మెట్ల మీద చెప్పులు చోటు చాలక ఒకదాని మీదొకటి ఎక్కాయి. అమర్నాథ్ శాలువాతో వచ్చాడు. జాషువా దండతో వచ్చాడు. మిగతా ప్లీడర్లు ఖాళీ కడుపులతో వచ్చారు; బిర్యానీ ఉందని మధ్యాహ్నం అన్నం మానేసిన సంగతి వాళ్ల చూపుల్లోనే తెలుస్తోంది. కరెంటు రాగానే మళ్లీ ప్లగ్గు పెట్టి బల్ల మీద ఉంచిన గిన్నెను సుకన్య చూసింది, ఇంతమందిని చూసింది, చివరికి భర్తను చూసింది. వెంకటకృష్ణ గోడకున్న క్యాలెండర్ చూశాడు.

అప్పుడు బ్రహ్మానందం వచ్చాడు. వస్తూనే సుకన్య అరచేతిలో షట్టర్ తాళంచెవి పెట్టేశాడు.

"ఇదేంటి బాబాయిగారూ? రుచి చూడకుండానే?"

"రుచేందమ్మాయ్, ఇక మనం మనం ఒకటి." ఆయన వెంకటకృష్ణ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "క్రోసూరు దగ్గర మా చేను గట్టు సంగతి ఒకటుంది. గవర్నమెంటుతో పదేళ్ల నుంచీ దావా. ఇక నుంచి అటుపక్క నుంచి వాదించేది నువ్వే గదా నాయనా. చూసీచూడనట్టు..."

తాళంచెవి చల్లగా, బరువుగా ఉంది. వేళ్లు మూస్తే చాలు, గది తనది. రేపు నిజం తెలిశాక ఆయన ఏమంటాడో ఆ మాట రేపటిది. కానీ పొద్దుటినుంచీ ఆమె కాపాడుకుంటూ వచ్చింది తాళంచెవి కోసం మాత్రమే కాదు. తన వంట బాగుందో లేదో పరాయి నాలిక ఒకటి తేల్చి చెప్పాలని. సుకన్య అరచేయి తెరిచే ఉంచింది.

"ఆయనకి ఏ పోస్టూ రాలేదు బాబాయిగారూ. ఇందులో బిర్యానీ కూడా లేదు. మామిడిపండుతో చేసిన తీపి. మీకు రుచి చూపించాలని చేసింది."

బ్రహ్మానందం తాళంచెవి వెనక్కి తీసుకుని జేబులో వేసుకున్నాడు. జాషువా దండను వీపు వెనక దాచాడు.

"బిర్యానీ కాదా?" అన్నాడు అమర్నాథ్. ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసులో ఆయన గొంతు అంత నీరసంగా ఎవరూ వినలేదు.

"ముందు మూతన్నా తియ్యనీండయ్యా," అంటూ హజ్రా బీ చాకుతో పిండి తాడు కోసింది. మూత లేచింది. గుడ్డ తొలగింది. పండుమామిడి, నెయ్యి, చెక్క కలిసి గదిలో అందరి ముఖాలూ ఒకేసారి అటు తిప్పాయి. పైన పిండి పొంగి, పగుళ్లలోంచి పసుప్పచ్చటి రసం బుడగలు కడుతోంది.

సుకన్య మొదటి గిన్నె బ్రహ్మానందానికి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పత్తి యార్డులో మొదటి బేరం ఎప్పుడూ ఎదుటివాడి చేత చెప్పించిన మనిషి. "ముందు వాళ్లకియ్యమ్మా. మా ఇంటికొచ్చిన చుట్టాలు వాళ్లు. నేను చూస్తా."

ఆయన చూశాడు. అమర్నాథ్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూశాడు. తెరిచాక, వాదన మధ్యలో ఆపినవాడిలా రెండో గిన్నె అడిగాడు. జాషువా గిన్నె నాకుతూ వెంకటకృష్ణను క్షమించేశాడు. అంచున గట్టిపడిన ముక్క కోసం ఇద్దరు సివిల్ ప్లీడర్లు రాజీ కుదుర్చుకున్నారు. "ఇట్టా తే. అడుగు గోకుడు ఎప్పుడైనా ఇంటి పెద్దదే," అంటూ సీతారావమ్మ అడుగుకు చేరింది.

"చానా బాగున్నట్టుంది. ఇక నాకియ్యి," అన్నాడు బ్రహ్మానందం, తృప్తిగా చెయ్యి చాస్తూ.

సుకన్య గిన్నెలోకి చూసింది. పింగాణీ తెల్లగా మెరుస్తోంది. సీతారావమ్మ చెంచా నోట్లోనే ఉంది.

"అయిపోయింది బాబాయిగారూ." రోజంతా ఎవరి ఒక్క నాలిక కోసం ఆరాటపడిందో, ఆ ఒక్క నాలికకే అందలేదు.

బ్రహ్మానందం ఖాళీ గిన్నె వంక చూశాడు. అందరి మూతులూ చూశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు.

"నలభై ఏళ్లు పత్తి కొన్నాను, అమ్మాను. శాంపిలుతోనే సరుకంతా అయిపోయిన బేరం మాత్రం ఎక్కడా చూళ్ళేదమ్మాయ్. ఇంకేం రుచి చూస్తా?" తాళంచెవి మళ్లీ ఆమె చేతికి వచ్చింది. "ఆ పురుగుమందు కంపు వదిలేదాకా ఇదే వండు. ఏసీ మాత్రం ఆపమాక."

తెచ్చిన శాలువా వెనక్కి పట్టుకుపోకూడదని అమర్నాథ్ దాన్ని సుకన్యకు కప్పాడు. దండ హజ్రా బీకి వేయమని జాషువా సీతారావమ్మ చేతికిచ్చాడు. "దండెందుకు వదినా, దమ్ముకేనా?" అని హజ్రా బీ నవ్వుతూనే మెడ వంచింది.

షట్టర్‌కు రంగు వేసి బోర్డు కట్టిన రోజున సుకన్య మొట్టమొదటి గిన్నె తీసుకెళ్లి బ్రహ్మానందం ముందు పెట్టింది. ఆయన ఆఖరి చెంచా దాకా తిని, మూతి తుడుచుకుని, కాసేపు ఆలోచించి, మొన్నటిదే బాగుందన్నాడు.