ఫెర్మీన్ జనరల్ గారి అడుగుజాడలు

ఒక పెద్ద అడవిలో పదివేల జాగ్వార్ పులులను ఒంటరిగా తరిమికొట్టిన మహావీరుడు ఉండేవాడు. ఆ మాట ఎవరో అన్నది కాదు, ఆయనే చెప్పుకున్నాడు. ఆ వెంటనే, "పదివేలంటే... ఎనిమిదిలే. అందులో ఒకటి కుంటిది" అని గొణిగిందీ ఆయనే.

ఆయన పేరు ఫెర్మీన్. జాతికి లామా, అంటే మూపురం మరిచిపోయి పుట్టిన ఒంటె చుట్టం. ఆండీస్ కొండల దిగువన ఉన్న ఆ అడవికి మొదట జనరల్, తర్వాత అధ్యక్షుడు. గొంతు మరీ సన్నం కాబట్టి ఏ మాటైనా తన వీపు మీద కూర్చునే రోసెండా అనే చిలుక చెవిలో చెబితే, అది నలుగురికీ వినబడేలా అరిచేది. పదివేలనీ అరిచింది, ఎనిమిదనీ అరిచింది. కుంటిదాన్నీ వదల్లేదు.

యుద్ధం నాడు దట్టమైన పొగమంచు. ఏం జరిగిందో ఎవరికీ కనబడలేదు. మంచు విడేసరికి జాగ్వార్లు నది దాటి పోయాయి. ఒడ్డున ఫెర్మీన్ ఒక్కడే రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఇంకేం కావాలి, అధ్యక్షుణ్ణి చేసేశారు. బురదలో పడ్డ ఆయన కాలిగుర్తులు పవిత్రమని వాటి మీద గడ్డి కప్పారు.

పదవి రుచి మరిగాడు. ఏడేళ్ల గడువు ముగిసే ముందు ఫెర్మీన్ ఒక చట్టం చేయించాడు. ఎండి రాయిలా గట్టిపడిన ఆ గుర్తుల మీద అడుగు తప్పకుండా చివరిదాకా పరుగెత్తినవారే జీవితాంతం అధ్యక్షులు. లామా పాదం అడవిలో ఇంకెవరికుంది?

ఆ రోజు రానే వచ్చింది. గడ్డి తీశారు. గుర్తులు యుద్ధం నాడు ఆయన దిగిన డేరా ముందు మొదలై, నది వైపు కాకుండా ఊరి వైపు వెళ్లాయి.

సభలో పెద్దవాడు బల్తసార్ తాత, పందిలా ఉండే పొడుగు ముక్కు టేపిర్, వంగి చూశాడు. "అధ్యక్షా, శత్రువు అటుంటే తమరు ఇటు బయలుదేరారేం?"

ఫెర్మీన్ చిలుక చెవిలో ఏదో అన్నాడు. "వ్యూహం," అంది చిలుక.

"వంటపాక చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారే?"

"అదీ వ్యూహమే."

"ఇక్కడేదో మూట ఈడ్చిన గీత ఉంది. పొడుగునా మొక్కజొన్న గింజలు."

"సైన్యానికి తిండి వద్దా?"

"సైన్యం మేమే కదయ్యా. ఆ పూట పస్తున్నాం," అన్నాడు తాత.

ఫెర్మీన్ పరుగందుకున్నాడు. గుర్తులు వంకరలు పోయి పోయి, చివరికి నది వైపే తిరిగాయి. అమ్మయ్య అనుకుంటూ తలెత్తాడు. తమాషా చూద్దామని నది దాటి వచ్చిన జాగ్వార్లు ఆఖరి గుర్తు పక్కనే కూర్చుని ఉన్నాయి.

"రావయ్యా జనరల్," అంది కుంటిది. "ఒక లామా ఇంత ధైర్యంగా వస్తోందంటే వెనక ఎంత సైన్యముందో అని ఆనాడు మంచులో లగెత్తాం. ఇవాళ ఎండ బాగా కాస్తోంది."

ఇంకా పది గుర్తులు మిగిలాయి. ముందుకెళితే ప్రాణం పోతుంది, పక్కకు తప్పుకుంటే పదవి పోతుంది. ఫెర్మీన్ ఆగాడు. మెడ వంచి, ఏడేళ్లుగా కడుపులో దాచుకున్నది చిలుక చెవిలో ఊదాడు.

చిలుక అలవాటు ప్రకారం గొంతు సవరించుకుంది.

"ఇది నీలోనే ఉంచుకో తల్లీ. ఆ రోజు నేను ఇంటికి పారిపోతున్నాను. మంచులో దారి తప్పాను."

నీతి: దారి తప్పి వీరుడైనవాడు ముందుగా అడుగుజాడలు చెరిపేసుకోవాలి.