కదలని బస్సే బస్సు

బస్సన్నది కదలకూడదు. నమ్మకం కుదరకపోతే తార్నాక స్టాపులో రోజూ ముప్పావుగంట నిలబడే ఏ పెద్దమనిషినైనా అడిగి చూడండి!

యూనివర్సిటీలో ఇంజినీరింగ్ షెడ్డు వెనక నిజాం జమానా బస్సొకటి ఇరవయ్యేళ్లుగా కదలకుండా ఉండేది. ఎంత మర్యాదస్తురాలో! ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉండేది. ఎక్కినవాళ్లందరికీ సీటు దొరికేది. పరీక్షలప్పుడు పిల్లలు అందులో చదువుకునేవారు, వానొస్తే మేకలు ఎక్కేవి. ఒక్క మేకైనా ఫుట్‌బోర్డు మీద వేలాడిందా?

ఇంత చక్కటి బస్సును బాగుచేయాలన్న దుర్బుద్ధి చరిత్ర లెక్చరరు శేషాద్రిగారికి పుట్టింది. ఆదివారం ఆదివారం శ్రమదానం పెట్టారు. ముప్పైమంది వాలంటీర్లు, ఒక్క పానా. అది పట్టుకుని ముప్పైమందీ వంతులవారీగా ఫొటోలు దిగారు.

పని మాత్రం కొమురెల్లి చేశాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. అందరూ ఇంజను చుట్టూ మూగితే అతను బ్రేకుల కోసం బస్సు కింద దూరాడు.

"ఉరుకుడు ఏ బండైనా ఉరుకుతది సార్. ఆగుడే అసలు పని" అనేవాడు.

ఎనిమిది నెలల ఆదివారాలు అలా పోతే ఇంట్లో భార్య లచ్చవ్వ ఊరుకుంటుందా?

"గా డొక్కుబస్సు నీకేమన్న చుట్టమా?"

"మొదలు నడిచిన్నాడు కిటికి పక్క సీటు నీదేనే. తార్నాకల ఎక్కుదం" అని మాటిచ్చాడు కొమురెల్లి. ముప్పైయేళ్ల కాపురంలో ఏ బస్సెక్కినా కమ్మీ పట్టుకుని నిలబడ్డ లచ్చవ్వ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. అతనూ వెళ్లి శేషాద్రిగారికి చెప్పుకున్నాడు.

"ఆపిస్తాంలే కొమురెల్లీ, నువ్వేసిన బ్రేకులే కదా" అన్నారాయన.

ప్రారంభోత్సవం రోజున లచ్చవ్వ పెట్టెలోని పట్టుచీర తీసింది. ఇద్దరూ గంట ముందే స్టాపుకొచ్చి నిలబడ్డారు. బస్సు రానే వచ్చింది. కొత్త ఎర్రరంగు, బంతిపూల దండలు! లోపల వాలంటీర్లు, వాళ్ల బావమరుదులు, బావమరుదుల స్నేహితులు. కిటికీ కిటికీకీ మూడేసి తలకాయలు. కొమురెల్లి నిండుగా నవ్వుతూ చెయ్యెత్తాడు.

బస్సు ఆగలేదు. కనీసం నెమ్మదించలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న శేషాద్రిగారు మాత్రం చెయ్యూపి, "వెనక ఇంకోటి వస్తుంది!" అని కేకేశారు.

అలాంటి బస్సు ఊరు మొత్తం మీద అదొక్కటే. కొమురెల్లి మనసు చివుక్కుమంది. పక్కకు చూడటానికి ధైర్యం చాలలేదు.

"బ్రేకులు నువ్వే చేసినవు గద?" అంది లచ్చవ్వ.

కొమురెల్లి బస్సు పోయిన వైపే కాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వేశాడు.

"బ్రేకులకేం కాలేదే. బస్సు పూరా బాగైంది. ఇగ అచ్చం సిటీ బస్సు లెక్కనే ఉన్నది."