లాకు పిడి నీళ్లపాలైన పిదప పికర్స్‌గిల్ స్కెల్డర్ నదిని జయించిన వైనం

ఓ కాలువ నీళ్లారా, కషాయవర్ణ మందగమన జలములారా, బాతుకు దారిచ్చి మనిషిని నిలబెట్టు మహోదారలారా, ఒక్క గడియ నా నాలుకపై నిలువుడు. ఏనుగులు లేని, రథములు లేని, నెత్తురు చుక్కైనా చిందని ఒక మహాసంగ్రామమును చెప్పబోవుచున్నాను. అనవరత మేఘవిగళిత శీకర సంసిక్తమైన యార్క్‌షైర్ మండలమున, జూన్ మాసమున, అనగా ఆ దేశస్థులు మర్యాదకు వేసవి అని పిలుచు మాసమున, ఒక ఆదివారమునాడు, రెండవ టీకిని మూడవ టీకిని నడుమనున్న శుభముహూర్తమున, థోర్న్‌బీ కాలువ పోయి స్కెల్డర్ నదిలో కలియు చోట, నీటిని నింపి వంపి పడవలను నదికి దించు ఆఖరి లాకు కడ ఈ యుద్ధము జరిగినది. విన్నవారికి పుణ్యం వస్తుందని హామీ ఇవ్వలేను. చేతిలో టీ చల్లారేలోపు అయిపోతుందని మాత్రం ఇవ్వగలను.

ఆ యుద్ధానికి నాయకుడు లయనెల్ పికర్స్‌గిల్. అరవై ఎనిమిది వసంతాలవాడు, ఆ వసంతాలన్నిటా తడిసినవాడు, యాభై ఏడడుగుల పొడవుండి ఏడడుగుల వెడల్పైనా లేని 'ఓరిమి' అనే ఇనుప పడవకు ఏకైక సరంగు, పెన్షను పుచ్చుకుంటున్న లెక్కల మాస్టారు, అన్నిటికీ మించి 'ఇరుకు పడవవారికి నలభై ఒక్క హితవులు' అనే కరపత్రానికి కర్త. ఆ కరపత్రం ఆ కాలువ మీద తిరిగే ప్రతి పడవ వంటింట్లోనూ, టీ కెటిల్ కింద, గుండ్రటి మరకతో కనిపిస్తుంది. నది మీదికి పోయేముందు లంగరు సిద్ధంగా పెట్టుకోండి అంటుంది. ఎగువ కొండల్లో వాన పడిందేమో కనుక్కోండి అంటుంది. లాకులో నీళ్లు దిగుతున్నప్పుడు పడవ వెనక భాగాన్ని తలుపు కింది రాతి గడప మీద చిక్కుకోనివ్వకండి అంటుంది. అది చదివి, పాటించి, నదులన్నీ తిరిగి క్షేమంగా ఇల్లు చేరినవాళ్లు ఎందరో. కర్త మాత్రం ఇంతవరకు ఒక్క నది మీదికీ పోలేదు.

నమ్మరు కదూ. నమ్మాలి. పదకొండేళ్లుగా ప్రతి జూన్‌లోనూ ఈ ఆఖరి లాకు దాకా రావడం, గట్టు మీద నిలబడి నదిని చూడటం, ఏదో ఒక హితవు అడ్డుపడి వెనక్కి తిరగడం. ఒక ఏడు వాన. ఒక ఏడు ఇంజనులో ఏదో చప్పుడు. ఒక ఏడు లాకు తలుపు పక్కనే హంస గుడ్లు పెట్టుకుని కూర్చుంది. ఈ పరమరహస్యం ఆయన భార్య గ్లెనిస్‌కు తప్ప ముల్లోకాలలో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఆ గ్లెనిస్, సహనమే కవచంగా ధరించిన సాధ్వి, ఆ ఉదయం టోస్టు మీద మార్మలేడు రాస్తూ ఆ కవచం విప్పి పక్కన పెట్టింది.

“ఈసారి కూడా నది మీదికి దిగకపోయామనుకో, మంగళవారం వేక్‌ఫీల్డ్ నుంచి పడవ చూడ్డానికి మనిషొస్తాడు. రమ్మని ఫోన్ చేశాను.”

“అమ్మేస్తావా?”

“అమ్మేస్తాం. నదే చూడాలంటే బస్సుంది. అరగంటలో దింపుతాడు, పక్కనే కేకుల కొట్టు కూడాను.”

లయనెల్ పడవంతా ఒకసారి కలయజూశాడు. పెయింటు తానే వేసి, గులాబీలు తానే దిద్ది, చలికాలంలో పొయ్యి బొగ్గు తానే మోసి పెంచుకున్న పడవ. అది లేని మంగళవారాన్ని ఊహించలేక, చల్లారిన టీని గుటుక్కున మింగి, లేచాడు.

ఇక రణరంగం. లాకు దిగువ గోడ మీద మూడు రంగుల పట్టీ ఉంది. నది నీరు ఆకుపచ్చలో ఉంటే పొమ్మని, పసుపులో ఉంటే జాగ్రత్తగా పొమ్మని, ఎరుపును తాకితే నోరు మూసుకుని ఆగమని. నీరు పసుపులో ఉంది. ఎరుపుకు నాలుగు వేళ్ల దూరం. మొన్న కొండల్లో కురిసిన వాన అరగంటకో వేలు చొప్పున నదిని పెంచుతోంది. లాకు దాటి నదిలో నలభై గజాలు పోతే, నీటితోపాటే లేచే తేలుడు రేవు ఒకటుంది. అక్కడ కట్టేసుకుంటే ఎంత వరదొచ్చినా భయం లేదు. కనుక ఆ దిగ్విజయ యాత్ర మొత్తం దూరం నలభై గజాలు.

అందుకు కావలసిన ఆయుధం లాకు పిడి. మోచేయిలా వంగిన ఇనప పిడి అది. లాకు తూము ఇరుసుకు తగిలించి తిప్పితే తూము లేస్తుంది, నీరు కదులుతుంది, లాకు నిండితే తలుపు తెరుచుకుంటుంది. పిడి లేకపోతే పడవవాడు గుమ్మంలో నిలబడ్డ చుట్టమే. నిశితాయసదండ ధరుడై, నీటి పక్షుల కలకలారావములే భేరీనాదములు కాగా, జారుడు బూట్ల చప్పుడుతో ధరణి దద్దరిల్లక పోయినను, మన వీరుడు పైతలుపు నెక్కి, పిడిని ఇరుసుకు తగిలించి, పదునాలుగు చుట్లు తిప్పినాడు. పదునైదవ చుట్టుకు ముందు, ఎరుపుకు ఇంకా నాలుగు వేళ్లే ఉన్నాయా, మూడున్నరా అని లెక్కల మాస్టారి బుద్ధికి అనుమానం వచ్చింది. పిడిని ఇరుసుకే వదిలి, రెండడుగులు వేసి, వంగి చూశాడు.

ఇరుసును పట్టి ఉంచే ఇనుప నాలుక జారింది. తూము ధన్‌మని కూలింది. ఇరుసు వెనక్కి తిరిగింది, దానితో పిడి తిరిగింది, భ్రమణవేగ ఘూర్ణమానమై, ప్రళయకాల ఝంఝానిల సోదరమై, ఆకాశమునకెగసి, ఒక బాతు దంపతుల నడుమనుండి దూసుకుపోయి, బుడుంగున కాలువలో మునిగినది. బాతులు ఒకదానివంక ఒకటి చూసుకుని మళ్లీ రొట్టె వెతుక్కున్నాయి.

కరపత్రంలో మొదటి హితవు ఏమిటో చెప్పాలా? 'పిడిని ఇరుసుకు వదిలి కదలవద్దు. చేతి నుంచి దించితే నడుముకు దోపుకో.'

రెండవ హితవు, 'పిడులు రెండుంచుకో.' లయనెల్ పరుగున పోయి వెనక పెట్టె తెరిచాడు. తాడుంది, సుత్తి ఉంది, రెండో పిడి లేదు.

“గ్లెనిస్, రెండో పిడి చూశావా?”

చుక్కాని దగ్గర కూర్చుని అల్లుకుంటున్న గ్లెనిస్ తలెత్తలేదు. “దాని చోట లేదా?”

“లేదు.”

“దాని చోట్లో పెట్టేది నువ్వే కదయ్యా. పోనీ ఎవరినైనా అడుగు.”

అడగడమా. నలభై ఒక్క హితవుల కర్త, గట్టు మీద పోయేవాణ్ని ఆపి, నా పిడి నీళ్లలో పడింది, మీదొకటి ఇస్తారా అని అడగడమా. అంతకంటే మంగళవారమే మేలనిపించింది ఒక్క క్షణం. తర్వాత మంగళవారం తలుచుకుని కళ్లు చెమర్చాయి. అప్పుడు ముప్పై రెండవ హితవు గుర్తొచ్చింది, తాడు కట్టిన అయస్కాంతం తీశాడు.

గట్టుపై నిలిచి మనసులో ఇట్లు గర్జించినాడు. “ఓరీ కాలువా, పంకగర్భా, పరాయుధాపహారీ, పదకొండేండ్లు నిన్ను తుడిచితిని, నీ గట్టున చెత్త ఏరితిని, నీ బాతులకు బఠాణీలు పెట్టితిని. నేడు నా పిడిని మ్రింగి కూర్చుంటివా? కక్కుము, లేదా నా పాశమునకు నీ పాతాళమెల్ల తలక్రిందులగును.” నోటి నుంచి మాత్రం “రా అమ్మా, రా” అన్నదే వచ్చింది. అయస్కాంతం విసిరాడు.

మొదటి విసురుకు మూత లేని సాస్‌పాన్. రెండో విసురుకు సాస్‌పాన్ మూత. ఏడో విసురుకు సైకిలు హేండిలు, గంటతో సహా. గంట ఇంకా మోగుతోంది. పన్నెండో విసురుకు తాడు బరువెక్కి, బురద కారుతూ, వంకర తిరిగిన ఇనుము ఒకటి పైకి లేచింది. పిడి. లయనెల్ దాన్ని గుండెకు హత్తుకున్నాడు, కోటంతా బురదయింది, అయినా విడవలేదు. పరుగున పోయి ఇరుసుకు తగిలించబోతే తగలలేదు. ఎప్పుడో ఎవడో వేరే కాలువ నుంచి తెచ్చి పారేసుకున్నది, దాని కన్నం చిన్నది. ఈలోగా నీరు ఎరుపుకు రెండు వేళ్ల దూరంలోకి వచ్చింది.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి టుక్‌టుక్‌మంటూ ఎర్ర పడవ వచ్చి ఆగింది. దాని మీద ఈనిడ్ అక్రింగ్‌టన్, డెబ్బై తొమ్మిదేళ్లది, ఒంటరిగా పడవ నడిపే మనిషి, పక్కనున్న కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవడానికి వచ్చింది. ఆమె నడుముకు, ఏప్రను నాడాలో, లాకు పిడి దోపి ఉంది. లయనెల్ కళ్లు దానికే అతుక్కుపోయాయి.

“ఏం చేస్తున్నావు నాయనా?” అంది ఈనిడ్.

“చేపలు పడుతున్నానండీ.”

“అయస్కాంతంతోనా?”

“గట్టి చేపలు.”

“ఏమైనా పడ్డాయా?”

“సాస్‌పాన్ పడింది.”

“మూత ఉందా దానికి? నాది మొన్న పోయింది.” ఆమె గొట్టం బిగించి కుళాయి తిప్పి, కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ పడవ ట్యాంకు నిండటానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటసేపు మన వీరుడు విసురుతూనే ఉన్నాడు, ఆమె చూస్తూనే ఉంది, నీరు పెరుగుతూనే ఉంది. అరవేలు దూరం మిగిలింది.

ఈనిడ్ గొట్టం చుట్టింది. తాడు విప్పింది. ఇంజను తిప్పింది. ఎర్ర పడవ ముక్కు వెనక్కి మళ్లసాగింది, పిడి దానితోపాటే పోతోంది. లయనెల్ గ్లెనిస్ వంక చూశాడు. గ్లెనిస్ అల్లిక ఆపింది. పదకొండేళ్లలో ఆమె ఏనాడూ లాకు దగ్గర అల్లిక ఆపలేదు.

అప్పుడు ఆ మహావీరుడు, అభిమానధనుడు, హితోపదేశ చక్రవర్తి, సాస్‌పాన్‌ను నేలపై పెట్టి, రెండు చేతులు వేలాడవేసి, గొంతు సవరించుకున్నాడు. ఏ యోధుడూ ఏ యుద్ధంలోనూ ఇంత కష్టం పడి ఉండడు.

“ఈనిడ్ గారూ. మీ పిడి ఒకసారి ఇస్తారా? నాది నీళ్లలో పడిపోయింది. ఇరుసుకు వదిలేశాను.”

ఎర్ర పడవ ఆగింది. “ఆ మాట అడగడానికి ముప్పావు గంట పట్టిందా అబ్బాయ్? నేను కుళాయి సగమే తిప్పి కూర్చున్నాను, నువ్వు అడుగుతావేమోనని.”

“ఇంకో సంగతి కూడా ఉందండీ. నేను నది మీదికి ఎప్పుడూ వెళ్లలేదు.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“నీ కాగితంలో నది గురించి భయాలన్నీ ఉన్నాయి. ఒక్క కొంగ లేదు. వెళ్లినవాడెవడైనా కొంగల గురించి రాయకుండా ఉంటాడా? జరుగు, తూము నేను తిప్పుతాను. నువ్వు పడవెక్కు.”

ఆపైన జరిగినది చెప్పడానికి వేయి నాలుకలు చాలవు, ఉన్న ఒక్కదానితో చెబుతాను. లాకు నిండింది. ఓరిమి లోపలికి వచ్చింది. పైతలుపు మూసుకుంది, దిగువ తూములు లేచాయి, పాతాళ గమనోద్యుక్తమైన ఆ ఇనుప పడవ, నాచుపట్టిన రాతి గోడల నడుమ, అంగుళం వెంట అంగుళం, ఏడడుగులు దిగింది. వెనక భాగం గడప మీద చిక్కలేదు. దిగువ తలుపులు తెరుచుకున్నాయి, ఎదురుగా నది. కాలువలా ఆగి లేదు, కదులుతోంది. ఓరిమిని పక్కనుంచి భుజం పెట్టి తోసింది. లయనెల్ చుక్కానిని ఒళ్లంతా వేసి నొక్కాడు, రేవు దాటిపోతోందని కేక పెట్టాడు, గ్లెనిస్ మోకు విసిరింది, మోకు దిమ్మకు పడింది, పడవ కాస్త గింజుకుని ఆగింది. మొత్తం యాభై రెండు సెకన్లు. వెనక లాకు గోడ మీద నీరు ఎరుపును తాకింది, ఇక వారం దాకా ఎవరూ ఎటూ కదిలేది లేదు.

గ్లెనిస్ ఫోన్ తీసింది. “మంగళవారం రాకండి. లేదండీ, అమ్మడం లేదు. ఎందుకంటే నది మీదున్నాం.” ఫోన్ పెట్టేసి మొగుడి వంక చూసి, “టీ పెడతాను, రొట్టె కొయ్యి” అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, చలిగాలి అని చెప్పింది.

లయనెల్ రొట్టె డబ్బా మూత తీశాడు. రొట్టె కింద, శుభ్రమైన గుడ్డలో చుట్టి, రెండో పిడి ఉంది. ‘పోనీ ఎవరినైనా అడుగు’ అన్న మాట గుర్తొచ్చింది. టీ పెడుతున్న గ్లెనిస్ వీపు వంక చూశాడు. రొట్టె తీసుకుని, పిడికి గుడ్డ మళ్లీ చుట్టి, మూత పెట్టాడు.

కావున వినుడు, ఎనిమిది దిక్కులారా, పదకొండేండ్ల దీక్షకు ఫలముగా, నలభై గజముల నదిని, ఏడడుగుల దిగుడును, ఒక సాస్‌పాన్‌ను మూతతో సహా గెలుచుకొని, పికర్స్‌గిల్ వంశదీపకుడు విజయలక్ష్మీ సమేతుడై వెన్న రాసిన రొట్టె తినుచున్నాడు. జయము, జయము. తిన్నాక చేయి తుడుచుకుని, కరపత్రం అడుగున నలభై రెండవ హితవు చేర్చాడు: 'పిడి పోతే అడగండి.' కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, దాని కింద ఇంకో మాట రాశాడు: 'ఇక్కడ కొంగలున్నాయి.'