స్విచ్చు వేయని పరీక్ష

అయినా వర్షం పడితే వాయిద్యాల కొట్టు తెరవరు కదా, తెరవకపోతే తప్పు వర్షానిది అవుతుంది గానీ తనది కాదు కదా అనుకుంటూ అతను కిటికీలోంచి ఆకాశంకేసి చూశాడు. ఆకాశం తుడిచిన అద్దంలా ఉంది. తనలా కళ్ళద్దాల కొట్టు నడిపేవాడికి అంతకంటే మచ్చలేని ఆకాశం దొరకదు. అతనికి ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళుగా తను అంటూ వచ్చిన ఒక్క మాట ఈ శనివారం మధ్యాహ్నానికల్లా వస్తువుగా మారి, అట్టపెట్టెలో ఇంటికి రాబోతోంది.

ఆ మాట, "ఇంట్లో ఒక ఆర్గన్ ఉంటేనా..." అన్నది. పెళ్ళయిన కొత్తలో భార్యతో మొదటిసారి అన్నాడు. చిన్నప్పుడు బళ్ళో, కాళ్ళతో తిత్తులు తొక్కుతూ వాయించే పాత ఆర్గన్ మీద రెండేళ్ళు నేర్చుకున్న మాట నిజం. ఒక పాటలో మొదటి నాలుగు వరుసలు వచ్చిన మాట కూడా నిజం. తక్కినది రాకముందే తండ్రికి బదిలీ అయింది. అప్పటినుంచీ తోడల్లుడు కారు కొన్నా, నడినెత్తిన జుట్టు పలచబడినా, ఎవరైనా కళ్ళజోడు బాగోలేదని తిరిగి ఇచ్చేసినా అతను ఆ మాటే అని నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పులో ఒక మహా కళాకారుడు హాయిగా కాపురం ఉండేవాడు. సాధన చేయనక్కర్లేదు, ఎవరికీ వినిపించనక్కర్లేదు.

"కుట్టుమిషను మా చెల్లెలికి ఇచ్చేశాను. ఆ మూల ఖాళీ అయింది," అంది భార్య చెప్పులు వేసుకుంటూ. "ఎలక్ట్రానిక్ కీబోర్డుల్లో ఇప్పుడు ఆర్గన్ శబ్దం కూడా వస్తోందట. కొనేసి భోజనాల వేళకి వచ్చేద్దాం."

"నువ్వెందుకు? ఎండ."

"మీరొక్కరే వెళ్తే గొడుగు కొనుక్కొస్తారు."

వాయిద్యాల కొట్టు పొడుగ్గా, ఇరుగ్గా, రైలుపెట్టెలా ఉంది. రెండు వైపులా స్టాండుల మీద కీబోర్డులు. కొట్టాయన నోరారా నవ్వే మనిషి. మొదటిదాని మీద రెండు చేతులూ వేసి, "వినండి సార్, అచ్చం గొట్టాల ఆర్గనే!" అన్నాడు.

బాగుందంటే బిల్లు రాస్తాడు. ఆ సంగతి అతని మనసు చెవికంటే ముందే పసిగట్టింది.

"వేలు తీశాక కూడా మూలుగుతోందండీ. అసలు ఆర్గన్ వేలు తీసిన చోటే ఆగిపోతుంది."

కొట్టాయన రెండోదాని దగ్గరికి జరిగాడు.

"గట్టిగా నొక్కితే గట్టిగా మోగుతోంది. అది పియానో బుద్ధి. ఆర్గన్‌ని గుద్దినా ఒకటే, నిమిరినా ఒకటే."

మూడోది.

"ఇది ఊపిరి తీసుకోకుండా పాడుతోంది."

ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలియలేదు. చిత్రమేమిటంటే అన్నీ నిజాలే. భయం మనిషికి ఎంత నిశితమైన చెవిని ఇస్తుందో అతను ఆ రోజే గమనించాడు. కొట్టాయన కళ్ళలో గౌరవం పుట్టుకొచ్చింది. స్టూలు ముందుకు లాగి, "సార్, దయచేసి మీరే ఓసారి వాయించి చూడండి," అన్నాడు.

అతను కూర్చున్నాడు. నాలుగు వరుసల తరవాత ఏమవుతుందో అతనికి ఒక్కడికే తెలుసు. చెయ్యి దానంతటదే పక్కకు పోయి స్విచ్చు కట్టేసింది.

"ఆపేశారేంటి సార్?"

"మీటల తీరు తెలియాలంటే శబ్దం ఉండకూడదండీ," అన్నాడు అతను కళ్ళు మూసుకుని. "చెవి లంచగొండి. వేళ్ళని నిజం చెప్పనివ్వదు." పలకని మీటల మీద పది వేళ్ళూ నడిపించి, నిట్టూర్చి, "బరువు," అన్నాడు. పక్కదాని మీద నడిపించి, "మరీ తేలిక," అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా ఇందులోనే ఉన్నాను గానీ ఇలా చూసేవాణ్ణి చూళ్ళేదు," అని కొట్టాయన గొణుక్కున్నాడు.

మూలనుంచి కీచుమని ఒక శబ్దం వచ్చింది. భార్య అక్కడున్న బల్ల మీద కూర్చుని, పిల్లల కీబోర్డు మీద ఒక వేలితో పొడుస్తోంది.

"దాన్ని ముట్టుకోకు. అది ఆటబొమ్మ."

"కూర్చోడానికి ఈ చోటే ఉంది మరి. మీదెంతసేపు?"

ఆ రోజు ఏదీ కొనలేదు. వచ్చే శనివారం కొత్త సరుకు వస్తుందని కొట్టాయన అన్నాడు. వచ్చే శనివారం కొత్త సరుకుకి కొత్త లోపాలు దొరికాయి. ఆ తరవాతి శనివారం అతనికోసం మెత్త వేసిన కుర్చీ ఉంది. "గురువుగారు వస్తారు, ఆయన చేత చూపించి తీసుకోండి," అని కొట్టాయన కొనేవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా నలుగురు శిష్యులు తయారయ్యారు. వాళ్ళూ స్విచ్చు కట్టేసి, కళ్ళు మూసుకుని, చచ్చిన మీటలు నొక్కి, "బరువు" అనీ "తేలిక" అనీ అనసాగారు. శనివారాలు ఆ కొట్లో గుండుసూది పడినా వినిపించేది. వీధిలో పోయేవాళ్ళు కరెంటు లేదేమో అనుకునేవారు.

మోగేది ఒక్క మూలలోనే. గురువుగారు పరీక్షలో ఉన్నంతసేపూ కొట్టాయనకు చెయ్యడానికి పనేమీ ఉండేది కాదు. అందుకని అతని భార్యకు వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించేవాడు.

"బొటనవేలు కిందనుంచి దూర్చాలక్కా. పొట్టేలు కంచె దూరినట్టు."

"ఇలాగా తమ్ముడూ?"

"ఆఁ, అదీ! ఇప్పుడు రెండో చెయ్యి."

కొట్టాయన తీరిక ఉన్నప్పుడు ఊరి సభామందిరంలో బృందగానానికి వెళ్ళేవాడు. అక్కడ పాడే పాటల్లో ఆయన వాయించగలిగింది ఒకటే. కాబట్టి ఆవిడ నేర్చుకున్నదీ అదొక్కటే. నాలుగు నెలలు ప్రతి శనివారం అదే పాట, మొదట చీమ నడకన, తరవాత కాస్త పెద్ద చీమ నడకన సాగింది. అతను చిరాకుపడుతూ చెవులు మూసుకునేవాడు. శిష్యులు అది కూడా పరీక్షలో భాగమే అనుకుని మూసుకునేవారు.

అలా ఉండగా సభామందిరం పెద్ద టీచరమ్మ కొట్లోకి వచ్చింది. బృందగానం నడిపేది ఆవిడే. ఉద్యోగం నుంచి తప్పుకుని పదేళ్ళయినా గొంతు ఇంకా తప్పుకోలేదు. మందిరంలో పాత ఆర్గన్ తిత్తులు ఎలుకలు కొట్టేశాయి, కొత్త కీబోర్డు కావాలి.

"ఏది మంచిదో చెప్పు బాబూ."

"అన్నిట్లోనూ ఏదో ఒక లోపం ఉందండీ," అన్నాడు అతను అలవాటుగా.

"బళ్ళో నా పిల్లలందరికీ లోపాలుండేవి. అయినా ఎవరో ఒకరు ఫస్టు వచ్చేవారు. ఎవరొచ్చారో చెప్పు చాలు."

ఆవిడ అతన్ని ఒకదాని ముందు నిలబెట్టింది. "ఇదా?" పక్కకి నెట్టింది. "ఇదా?" ఈ రెండు ప్రశ్నలూ అతను రోజూ తన కొట్లో, కుర్చీలో కూర్చోబెట్టిన మనుషుల్ని అద్దాలు మారుస్తూ అడిగేవే. ఎనిమిదో అద్దం దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ నిజం అక్కర్లేదనీ, కుర్చీ దిగితే చాలనీ అతనికి బాగా తెలుసు. ఎనిమిదో కీబోర్డు దగ్గర అతను, "ఇదేనండీ," అనేశాడు.

"మీటలు?"

"చక్కగా ఉన్నాయి."

"శబ్దం?"

"అచ్చం ఆర్గనే."

"మంచిది. ఎంచినవాడే వాయించాలి. వచ్చే ఆదివారం పదింటికి మందిరానికి రా."

శిష్యులు చప్పట్లు కొట్టారు. మూలలో పాట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

ఆ వారమంతా అతను దారులు వెతికాడు. మీటలు బాగోలేవందామంటే బాగున్నాయన్నది తనే. లోకంలో ఉన్న కీబోర్డులన్నిట్లోకీ తను తప్పుపట్టడానికి వీల్లేనిది ఒక్కటే ఉంది, దాని ముందే కూర్చోవాలి. గురువారం మంచమెక్కి మూలిగాడు.

"ఏమైంది?" అంది భార్య.

"జ్వరం."

"జ్వరమొస్తే నుదురు పట్టుకోవాలి. మీరు వేళ్ళు పట్టుకున్నారు."

శుక్రవారం అన్నం తింటూ, "నీకో సంగతి చెప్పాలి," అన్నాడు.

"చెప్పండి."

ఇరవై రెండేళ్ళు ఇంట్లో ఉన్న మహా కళాకారుణ్ణి ఒక్క మాటతో బయటికి పంపాలి. ఆ తరవాత తనలో ఇంకెవరైనా మిగులుతారా? అతను లోపలికి తొంగిచూశాడు. ఎవరూ పలకలేదు.

"కూరలో ఉప్పు సరిపోయింది," అన్నాడు.

ఆదివారం మందిరం నిండిపోయింది. ముందు వరుసలో కొట్టాయన, నలుగురు శిష్యులు. వేదిక మీద బృందం వరసకట్టి నిలబడింది. కీబోర్డు మీద టీచరమ్మ పాటల పుస్తకం తెరిచి పెట్టింది. అందులో గీతల మీద వేలాడే చుక్కలు అతనికి తీగల మీద వాలిన కాకుల్లా కనిపించాయి.

అతను కూర్చున్నాడు. చెయ్యి పక్కకు పోయింది. స్విచ్చు కట్టేసింది. కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టాడు.

ముందు వరుసలో శిష్యులు కళ్ళు మూసుకుని తలలూపారు. వాళ్ళను చూసి రెండో వరుస కళ్ళు మూసుకుంది. కొత్తరకం వాయిద్యం కాబోలు, తమకే వినబడటం లేదు కాబోలు అనుకుని వెనకవాళ్ళూ మూసుకున్నారు. పాటలో తనకొచ్చిన నాలుగు వరుసలు అయిపోయాయి. అతను ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో తన జీవితంలో ఎన్నడూ వాయించనంత గొప్పగా వాయించాడు. ఎవరో "ఆహా" అన్నారు కూడా.

"బాబూ," అంది టీచరమ్మ, "ఇది మోగట్లేదు."

"మీటలు చూస్తున్నానండీ."

"చూడటం అయిపోయింది. ఇక పాట."

పైకి చూస్తే ముప్ఫై మంది నోళ్ళు తెరుచుకుని అతనికోసం ఎదురుచూస్తున్నాయి. చెమట కణతల మీదుగా జారి ఒక మీట మీద పడింది. అదీ మోగలేదు. అప్పుడు వేదిక మెట్లమీద చెప్పుల చప్పుడైంది.

"జరగండి," అంది భార్య.

అతను లేచి పక్కకు జరిగాడు. ఆమె స్విచ్చు వేసి, కొంగు దోపుకుని, వేళ్ళు పెట్టింది. మందిరమంతా ఆర్గన్ నిండింది, కొట్లో మూలన నాలుగు నెలలు సాగిన పాటే. వేగమేమీ లేదు. చీమ నడకే. కానీ ఆ పాట నెమ్మదిగా పాడాల్సిన పాటే. బృందం ఊపిరి తీసుకుని అందుకుంది. వేలు తీసిన చోట శబ్దం ఆగుతోంది, పెట్టిన చోట పుడుతోంది. కీబోర్డు నిజంగానే మంచిదని అతను మొదటిసారి తెలుసుకున్నాడు.

టీచరమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. "నీ శిష్యురాలా?"

అవునంటే సరిపోతుంది. అనకపోయినా సరిపోతుంది. కాస్త చిరునవ్వు నవ్వినా మహా కళాకారుడు ఇంకో ఇరవై రెండేళ్ళు బతుకుతాడు. అతను భార్య వేళ్ళకేసి చూశాడు. బొటనవేలు కిందనుంచి దూరుతోంది, తడబడింది, మళ్ళీ దూరింది.

"కాదండీ," అన్నాడు. "నాకు వాయించడం రాదు."

టీచరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "మరి గుడ్లప్పగించి నిలబడ్డావేం? పేజీ తిప్పు."

అతను ముందుకు వంగి, వేలు తడి చేసుకుని, పేజీ తిప్పాడు. రెండు వరుసలు ముందే తిప్పేశాడు గానీ, భార్యకూ నొటేషన్ చదవడం రాదు కనుక పాటకేమీ ఇబ్బంది కలగలేదు.