బక్క చేపల నివేదిక

ఆ ఉదయం చేపల శాస్త్రవేత్తమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటి సమావేశం లోపు తన నివేదిక సారాంశాన్ని డైరెక్టరు ఫోనుకి పంపాలి. చూడలేదని ఆయన తప్పించుకోకూడదు.

నాలుగేళ్లుగా ఆవిడ సరస్సులోని చేపల్ని కొలిచి, తూచి, పొట్ట కోసి చూసి చెబుతూనే ఉంది. ఆయనది ఒకటే మాట: "సంఖ్య తగ్గలేదుగా!"

"సంఖ్య కాదండీ, వాటి ఒళ్ళు చూడండి! చిన్న కన్ను వలలతో చిరుచేపలన్నిటినీ ఊడ్చేస్తుంటే పెద్దవి ఏం తింటాయి?" అని ఆవిడ మొత్తుకునేది. ఫైలు మాత్రం బీరువాలోకి పోయేది.

ఆ మంటతోనే ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ, ఇంకో చేత్తో టైపు చేసింది: "పొట్ట ఖాళీ. కొవ్వు లేదు. కాలేయం చిక్కిపోయింది. పట్టించుకునే నాథుడు లేడు. ఇలాగే వదిలేస్తే వర్షాకాలం దాటడం కష్టం." పంపేసి స్నానానికి వెళ్లింది. అది డైరెక్టరుకి కాక కుటుంబం గ్రూపుకి వెళ్లింది.

పక్క వీధిలో ఉండే అత్తగారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. బస్సు డ్రైవరైన పెద్దకొడుకు, అంటే ఈ కోడలి మొగుడు, నెల రోజులుగా పొద్దున్నే నడుస్తూ రెండు కిలోలు తగ్గాడు. "రోగం దాచి నడక అని చెప్పారన్నమాట!" అంటూ భగ్గుమంది. కోడలికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొడుకు బస్సు నడిపేటప్పుడు ఫోను సంచిలో ఉంటుంది. ఇక చిన్నకొడుకుని అన్న బస్సు వెనక తరిమింది.

అతను స్కూటరు తీసుకెళ్లి బస్సుకి అడ్డం పెట్టాడు. "అన్నయ్యా, దిగు! నువ్వు వర్షాకాలం దాటవట!"

"ఎవడు కూశాడు?"

"వదినే రాసింది, గ్రూపులో!"

అన్నగారు చదివాడు. ఒళ్ళు మండిపోయింది. తన కాలేయం సంగతి తనకంటే ముందు మేనత్తలకీ బాబాయిలకీ చెబుతుందా! నలభైమంది ప్రయాణికులు లబలబలాడుతున్నా వినకుండా బస్సుని పెళ్ళాం ఆఫీసుకి తిప్పాడు.

అక్కడ డైరెక్టరు బిస్కెట్టు టీలో ముంచుతూ "ఇంకో ఏడాది చూద్దామమ్మా" అంటున్నాడు. ఆవిడ పళ్ళు నూరుకుంటుండగా తలుపు ధడాలున తెరుచుకుంది. అత్తగారు!

"కూర్చుని బిస్కెట్లు మింగుతున్నారా? అక్కడ తిండి లేక కాలేయం చిక్కిపోతుంటే? నోటికాడ కూడు లాక్కున్నదెవరు? వర్షాకాలం దాకా కూడా ఆగదట!"

డైరెక్టరు చేతిలో బిస్కెట్టు టీలో పడిపోయింది. "సరస్సు నుంచి వచ్చారా అమ్మా? శాంతించండి. ఎంతమంది వచ్చారు?"

"మా వాళ్ళంతా వస్తున్నారు!"

సరిగ్గా అప్పుడే ఆవరణలోకి బస్సొచ్చి ఆగింది. కిటికీల్లోంచి నలభైమంది చేతులూపుతూ అరుస్తున్నారు. "మాకు న్యాయం చెయ్యండి! ఇది అన్యాయం!"

డైరెక్టరు ఒక్క ఉదుటున లేచాడు. బీరువా తెరిచి ఫైలు లాగాడు. చిన్న కన్ను వలలపై నిషేధం ఈరోజు నుంచే అమలు అని రాయసాగాడు. నిజం చెబుదామని శాస్త్రవేత్తమ్మ నోరు తెరిచింది. కాగితం మీద కలం కదలడం చూసి మూసేసింది.

భర్త రొప్పుతూ లోపలికొచ్చాడు. "ఇంతకీ నా కాలేయానికి ఏమైందే?"

"సంతకం పెట్టేశానయ్యా," అన్నాడు డైరెక్టరు దండం పెడుతూ.

సమావేశపు మినిట్స్‌లో చివరి వాక్యం: "ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిగినది."