తలుపు పక్క కుర్చీ

మా ఆఫీసులో అన్నిటికంటే విలువైన స్థలం బాత్రూం తలుపు పక్కన ఉందని ఇందుమూలంగా సగర్వంగా తెలియజేస్తున్నాను. అక్కడ కిటికీ లేదు. ఏసీ గాలి రాదు. తలుపు తెరిచినప్పుడల్లా ఫినాయిల్ వాసన మాత్రం ఉచితం. ఆరోగ్యవంతులెవరూ కన్నెత్తి చూడని ఆ కుర్చీని, ఆపరేషన్ సెలవు ముగించుకుని వచ్చిన రోజే నేను ఆక్రమించాను.

నాకు కాన్సర్ వచ్చింది. పెద్దపేగు చివర, మలద్వారానికి కాస్త పైన. సర్జన్‌గారు ఆ ముక్క కోసేసి, పై పేగును కిందికి లాగి కుట్టేశారు. "మొత్తం తీసేశాం, అంతా సక్సెస్," అన్నారు. నిజమే. ఆ మొత్తంలో గోదాం కూడా పోయింది. ఇప్పుడు సరుకు వచ్చిందంటే నేరుగా గుమ్మంలోనే దిగుతుంది. అదీ ఒకేసారి కాదు, వాయిదాల మీద. సిస్టంలో బఫర్ తీసేస్తే ఏమవుతుందో ఇంజనీరింగ్ చదివిన నాకు ముందే తెలిసి ఉండాలి. పరీక్షలో ఆ ప్రశ్నకి మంచి మార్కులే వచ్చాయి.

"పీచు పొడి తాగు, బయటికెళ్లే ముందు మాత్ర వేసుకో, కింది కండరాలు బిగించి వదలడం రోజూ చెయ్యి. ఎక్కడ కూర్చునైనా చెయ్యొచ్చు, ఎవరికీ తెలీదు," అంది నర్సమ్మ. నేను మీటింగుల్లో చేశాను. బిగించినప్పుడల్లా నా కనుబొమలు ముడిపడతాయి. మేనేజర్‌గారు దాన్ని లోతైన ఆలోచనగా గుర్తించి, నా ఏకాగ్రతను రివ్యూలో ప్రత్యేకంగా కొనియాడారు.

ఈలోగా ఇంటివైపు నా జబ్బు మెట్లెక్కడం మొదలుపెట్టింది. అమ్మ పిన్నితో "పొట్టలో" అంది. పిన్ని పక్కింటావిడతో "గుండె దగ్గర" అంది. వీధి చివరికి చేరేసరికి గొంతులోకొచ్చింది. అక్కణ్నుంచి ఒకావిడ పరామర్శకొచ్చి, "మాట బాగానే వస్తోందే తల్లీ," అని కాస్త నిరాశపడింది. నేనూ తక్కువ తినలేదు. ఆఫీసులో "కడుపులో చిన్న ఆపరేషన్" అని ఊరుకున్నాను.

ఇలా గౌరవంగా బతుకుతుండగా ప్రమాదం ముంచుకొచ్చింది. మీటింగు మధ్యలో ఫోను పట్టుకుని లేచిపోవడం, వచ్చి కూర్చోవడం, మళ్లీ లేవడం మేనేజర్‌గారి కంటపడింది. అలా ఎవరు చేస్తారు? వేరే కంపెనీకి ఇంటర్వ్యూలు ఇస్తున్నవాళ్లు. నన్ను పోగొట్టుకోకూడదని ఆయన పైవాళ్ల కాళ్లావేళ్లా పడి ప్రమోషన్ ఇప్పించారు. సొంత క్యాబిన్. కారిడార్‌కి ఆ చివర, కార్డు గీస్తే తప్ప తెరుచుకోని రెండు తలుపుల అవతల. కార్డు గీసి పచ్చలైటు వెలిగేదాకా నేను ఆగగలను. నా పేగు ఆగదు.

అందరినీ సమావేశపరిచి ఆయన ప్రసంగించారు. "ఈ అమ్మాయి ఎక్కడ కూర్చుందో చూడండి. ఇన్నాళ్లలో ఒక్క కంప్లైంట్ లేదు. మన టాలెంట్‌ని అలాంటి చోట కూర్చోబెట్టినందుకు నేను సిగ్గుపడుతున్నాను. సోమవారం నుంచి అక్కడ ఎవరూ కూర్చోరు. పూలకుండీ పెట్టిస్తాం."

చప్పట్లు కొట్టారు.

"నాకు క్యాబిన్ వద్దు సార్. ఆ కుర్చీయే ఉంచండి."

"చూశారా, ఎంత వినయమో," అన్నారాయన. చప్పట్లు ఇంకా పెరిగాయి. సరిగ్గా అప్పుడే లోపలినుంచి మొదటి నోటీసు అందింది.

"వినయం కాదు సార్. నాకు కాన్సర్ వచ్చింది మలద్వారం దగ్గర. దొడ్డికి వచ్చిందంటే ఆపుకోలేను. ఇప్పుడూ వస్తోంది. కాస్త జరగండి."

జరిగారు. అంత క్రమశిక్షణతో జనం పక్కకి జరగడం ఆ ఆఫీసులో అదే మొదలు.

నేను తిరిగొచ్చేసరికి హాలు ఖాళీ. సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది: "వ్యక్తిగత అభిరుచి మేరకు ఆమె ప్రస్తుత స్థానంలోనే కొనసాగెదరు." పూలకుండీకి క్యాబిన్ కేటాయించారు.

అందరూ వెళ్లిపోతున్నప్పుడు మేనేజర్‌గారు నా కుర్చీ దగ్గరికొచ్చి, స్క్రీన్ చూస్తున్నట్టు వంగారు.

"అమ్మా, అది మొదట్లో ఎలా తెలిసింది నీకు?"

"రక్తం పడింది సార్."

ఆయన మౌస్ పట్టుకుని ఊరికే అటూ ఇటూ తిప్పారు. "నాకు ఏడాదిగా పడుతోంది. మొలలేమో అనుకుంటున్నా."

"డాక్టర్‌కి చూపించారా?"

"ఏమని చెప్పను? రిసెప్షన్‌లో ఆడపిల్లలుంటారు."

ప్రాజెక్టు ఒక్క పూట ఆలస్యమైతే ముగ్గురికి మెయిల్ కొట్టే మనిషి ఆయన. ఆయన ఎదుటే మా సర్జన్‌గారి ఆస్పత్రికి ఫోన్ చేసి, పేరు, వయసు, ఏ చోటో, ఎన్నాళ్లుగానో చెప్పి మర్నాటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. "కాస్త మెల్లిగా చెప్పమ్మా," అని ఆయన బతిమాలుతూనే ఉన్నారు.

మర్నాడు ఆయన సెలవు పెట్టారు. కారణం: కంటి పరీక్ష.

మీరు మరీ అంత నవ్వక్కర్లేదు. ఈ కథ దేని గురించని ఎవరైనా అడిగితే, ఏదో కుర్చీ గురించి అనే చెబుతారు మీరు. ఆ మాటకొస్తే నేనూ మీలాంటిదాన్నే. పైన కుర్చీ పేరు పెట్టింది నేనేగా.