ముందు మీరే వెళ్ళండి

ఆ ఉదయం టోర్గైర్ ఫ్లాస్కులో కాఫీ పోస్తూ, ఈసారి సొరంగంలోంచి కాకుండా పాత కొండదారినే వెళదామన్నాడు. ఆ మాట కోసం అతని భార్య ఓస్లౌగ్ ఏళ్ళ తరబడి కాచుకుని ఉంది. ఆ దారిలోనే, వేసవిలో వాళ్ళమ్మ మేకలు తోలుకెళ్ళి కాపురముండే కొండమీది చెక్క ఇల్లు అమ్ముడుపోయింది. అక్కాచెల్లెళ్ళు ఆఖరిసారి ఆ పొయ్యి దగ్గర కూర్చుని మీగడ జావ తాగి, కలిసి తాళం వేద్దామనుకున్నారు. అక్క బోర్గిల్ ముందే వెళ్ళి సామాను సర్దుతోంది. ఇవాళ మంచు పడగానే చలికాలమంతా దారి మూసేస్తారు. మళ్ళీ తెరిచేసరికి ఇల్లు కొత్తవాళ్ళదైపోతుంది.

"ఏటా ఇలాగే చెప్పి చివరికి సొరంగంలో దూరుస్తావు" అంది ఓస్లౌగ్.

"ఇవాళ దూర్చనులే. ఎక్కు."

టోర్గైర్ డ్రైవింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒక్క బండి మాత్రమే పట్టే కొండదారిలో ఎదురు బండి కోసం వెనక్కి తగ్గేవాడే పెద్దమనిషని జిల్లాలో సగంమందికి నూరిపోశాడు.

ఓడలో ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాటి, కొండెక్కడం మొదలుపెట్టారో లేదో బస్సు ఎదురైంది. టోర్గైర్ బండి పక్కకు తీసే చోటు దాకా వెనక్కి తగ్గాడు. బస్సు డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తాడు. ఆ వేలికే టోర్గైర్ మురిసిపోయాడు. తరువాత ఇళ్ళంత బండ్లేసుకుని జర్మన్లు వరసగా దిగారు. వాళ్ళకు వెనక్కి నడపడం రాదని అతనికి గట్టి నమ్మకం. ఇంకో రెండు మలుపులు తగ్గాడు. వాళ్ళ వెనక గొర్రెల లారీ వచ్చింది.

"ఆ జలపాతం చూడటం ఇది మూడోసారి" అంది ఓస్లౌగ్. "బాగానే ఉంది. కానీ మనం పైకి కదా వెళ్ళాలి?"

"పాపం, లోపల గొర్రెలున్నాయి."

"ఇక్కడ నేనున్నాను."

అతను వినిపించుకోలేదు. మంచు రాలడం మొదలైంది. ఈసారి సామాను లారీ ఒకటి వచ్చింది. అతన్ని చూసి అదే ఆగి, దీపాలు మిణుకుమనిపించి, వెనక్కి తగ్గడం మొదలుపెట్టింది. టోర్గైర్‌కు తల కొట్టేసినట్టయింది. ఇంత చిన్న కారు కోసం బరువుతో ఉన్న లారీ తగ్గడమా? చెయ్యి బయటపెట్టి, ముందు మీరే రండని ఊపి, తనూ వెనక్కి తగ్గాడు. లారీ ఇంకొంచెం పైకి పోయింది. ఇతను ఇంకొంచెం కిందికి పోయాడు.

"వాళ్ళు దారిస్తున్నారు. పోనియ్" అంది ఓస్లౌగ్.

"వాళ్ళు మొహమాటానికి ఇస్తున్నారు."

అలా తగ్గి తగ్గి రేవుకే చేరాడు. అక్కడ ఓడకోసం ఆగిన బండ్ల మధ్య ఇరుక్కున్నాడు. కుర్రవాడెవరో పచ్చకోటు వేసుకుని, వెనక్కి రండి, రండి అంటూ చేతులు ఊపాడు. కాదంటే వెనకున్నవాళ్ళకు ఆలస్యమవుతుందని టోర్గైర్ ఓడ ఎక్కేశాడు. తలుపు మూసుకుంది.

ఓడ నడినీటికి చేరాక ఓస్లౌగ్ ఫోను మోగింది. అక్క బోర్గిల్.

"ఎక్కడే మీరు? మంచు పడుతోందని నేనే సామాను లారీలో మీకు ఎదురొచ్చాను. మీ కారు గుర్తుపట్టి, వెనక్కి తగ్గమని లారీ నడిపే అమ్మాయికి చెప్పాను. తాళంచెవి నా దగ్గరే ఉంది, అందరం కలిసి మళ్ళీ పైకెళ్ళొచ్చని. మీ ఆయన రాడే! చెయ్యి ఊపుతాడు, తగ్గుతాడు. చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఇప్పుడు దారి మూసేశారు."

ఓస్లౌగ్ ఫోను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు. టోర్గైర్ ఊరందరికీ దారిచ్చాడు. పక్కన కూర్చున్న మనిషి అడిగిన ఒక్క దారీ ఇవ్వలేకపోయాడు. ఆ పొయ్యి దగ్గర అక్కాచెల్లెళ్ళను ఇక ఎవరూ కూర్చోబెట్టలేరు.

"వచ్చే ఏడు..." అని మొదలుపెట్టి, మధ్యలోనే మానేశాడు.

ఆవిడ కారు దిగి స్టీరింగు వైపుకు వచ్చి తలుపు తీసింది. "జరుగు."

అతను జరిగాడు. రేవు రాగానే పక్క వరసలో కారు కదలబోయింది. టోర్గైర్ చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఓస్లౌగ్ ఎవరికీ దారివ్వలేదు.